పాటకు గేట్ పాస్

హైమావతి అడగకుండా చేసేసి ఉంటే అది నలభై నిమిషాల పని. అడిగింది కాబట్టి తొమ్మిది నెలలు పట్టింది.

ఆమె పనిచేసేది జానపద ధ్వని పరిరక్షణ కేంద్రంలో. ఉత్తరాంధ్రలో ఒక జిల్లా పట్టణంలో, పశువుల ఆసుపత్రి ఆవరణలో, ఒకప్పుడు ఎండుగడ్డి దాచిన గోదాములో ఉంటుంది ఆ కేంద్రం. గడ్డి దాచిన చోట పాటలు దాచలేమా అని పైవాళ్లు అనుకున్నారు. హైమావతి అక్కడ టెక్నికల్ అసిస్టెంటు. యంత్రాల సంగతి తెలిసిన మనిషి ఆ ఆఫీసులో ఆమె ఒక్కతే కాబట్టి, యంత్రాల విషయంలో ఆమె మాట చెల్లదు.

జూన్ నెలలో ఒక ఉదయం కలివరపు అసిరమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. ముతక చీర, మెడ మీద అడ్డంగా కుట్ల మచ్చ. ఇరవై ఏళ్ల కిందట ఈ కేంద్రం వాళ్లే ఆమె ఊరు వెళ్లి, పదిహేడు ఊడ్పుల పాటలు పాడించి రికార్డు చేసుకున్నారు. మడిలో వంగి నారు నాటే ఆడవాళ్లు పాడుకునే పాటలవి. అప్పట్లో అసిరమ్మ గొంతెత్తితే మూడు మళ్ల అవతలి ఎద్దులు కూడా చెవులు రిక్కించేవని చెప్పుకునేవారు. ఇప్పుడా గొంతు లేదు, గుసగుస మిగిలింది.

"గొంతులో గెడ్డన్నారు, కోసీసేరు. గెడ్డతోపాటు గొంతూ అట్టుకుపోనారు," అంది అసిరమ్మ. "ఆసాడం వొచ్చీస్తంది పాపా. ఊడుపులు మొదలెడితే పాటెత్తీవోల్లు నేరు. మా ఊరి పిల్లలకి సగం సగం వొచ్చును. ఒకర్తె ఒకలాగంటాది, ఇంకోర్తె ఇంకోలాగంటాది. సెప్దామంటే నాకు గొంతు నేదు. నా గొంతు మీకాడ దాసుకున్నారు కదా, అది నాకిచ్చీండి."

హైమావతి అసిరమ్మను మూలనున్న పాత కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పాట పెట్టింది.

"వంగితే వరిసేను, లెగిస్తే మబ్బుసేను, మజ్జినున్న నడుమెవుల్దే?" అని ఒక గొంతు గోదాములోకి దూసుకొచ్చింది. "నాదే ఓలమ్మా, నాదే!" అని పదిమంది ఆడవాళ్లు అందుకున్నారు. అసిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా వింది. తర్వాత నవ్వింది.

"ఏటి, నాను అంత పొగరుగా పాడీదాన్నా?"

అయితే ఒక చిక్కుంది. ఆ పాటలను రికార్డు చేసిన ప్రోగ్రాము తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అవి ఆ కంప్యూటరులో, ఆ ప్రోగ్రాములో మాత్రమే పలుకుతాయి. తీసి ఇంకో దాంట్లో పెడితే తెర మీద ప్రశ్నార్థకం గుర్తు వచ్చి ఊరుకుంటుంది. పోనీ అని హైమావతి తన ఫోను స్పీకరు దగ్గర పెట్టి రికార్డు చేసి చూసింది. ఆ స్పీకర్లు కంప్యూటరంత ముసలివి. ఫ్యాను చప్పుడూ, పక్క ఆసుపత్రిలో దూడ అరుపూ కలిసి ఏదో వచ్చింది.

అసిరమ్మ విని పెదవి విరిచింది. "ఇది నా గొంతు కాదు పాపా. పడిసెం పట్టిన మా ఆడబిడ్డ గొంతు."

దీనికి మందు హైమావతికి తెలుసు. శబ్దం రికార్డు చేసే ప్రోగ్రాము ఒకటి ఆ కంప్యూటరులోనే వేసుకోవాలి. అందులో ఒక చిన్న ప్రశ్న ఉంటుంది: శబ్దం ఎక్కడినుంచి తీసుకోను, మైకు నుంచా, బయటి తీగ నుంచా, లేక ఈ కంప్యూటరు పలుకుతున్నదే తీసుకోనా? మూడోది ఎంచి ఎర్ర బొత్తాం నొక్కితే చాలు. పాట గాలిలోకి రానక్కర్లేదు, స్పీకర్లతో పనే లేదు. కంప్యూటరు ఒక జేబులోది తీసి ఇంకో జేబులో వేసుకుంటుంది. అలా రికార్డయింది ఏ ఫోనులోనైనా పలుకుతుంది.

కాని కొత్త ప్రోగ్రాము వేయాలంటే పాస్‌వర్డు కావాలి. అది సీలు వేసిన కవరులో, ఆ కవరు సూపరింటెండెంటు కూర్మారావు గారి బీరువాలో ఉంది. అందుకే హైమావతి అనుమతి కోరుతూ అర పేజీ నోటు రాసింది. అడుసు తొక్కింది.

కూర్మారావు గారు ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ ఫైలునూ కాదనలేదు, ఏ ఫైలునూ అవుననలేదు. ప్రశ్నలు మాత్రమే వేస్తారు.

"హైమావతమ్మా, ఈ పాట కంప్యూటర్లోంచి బయటికొస్తాదా, రాదా?"

"రాదు సార్. లోపల్లోపలే రికార్డైపోతుంది."

"అయ్యాక ఆ ముసలావిడకి పంపాలి కదా?"

"అవును సార్."

"మన గేటు దాటాలంటే గేట్ పాస్ ఉండాలి. గేట్ పాస్ మీద 'బయటికి వచ్చిన వస్తువు' అని అచ్చేసుంటాది. నువ్వేమో బయటికే రాదంటున్నావు. బయటికి రాని దానికి పాస్ ఎలా ఇస్తామమ్మా?"

ఆయన ఆకుపచ్చ సిరాతో ఫైలు మీద ముద్దుగా రాశారు: "బయటికి రాని శబ్దమునకు గేట్ పాస్ అవసరము కలుగదు. అందుచేత గేట్ పాస్ ఇచ్చుట వీలుపడదు. తగు ఉత్తర్వుల నిమిత్తము సమర్పించడమైనది."

ఫైలు ఉపసంచాలకులు పరాంకుశం గారి బల్ల మీదికి వెళ్లింది. పరాంకుశం గారు అంతకు వారం కిందటే రాజధానిలో శిక్షణ పొంది వచ్చారు. ఆ ఏడాది రాష్ట్రమంతా 'నిర్మల ధ్వని' అనే మాట మీద ఊగిపోతోంది. ఏ ఆఫీసు రికార్డింగులో అంతరాయ శబ్దాలు తక్కువ ఉంటే ఆ ఆఫీసుకు నిర్మల ధ్వని పురస్కారం. పరాంకుశం గారి గోడకు అప్పటికే ఒక మేకు కొట్టించి ఉంచారు, పురస్కారం తగిలించడానికి.

ఆయన హైమావతిని పిలిపించారు.

"అమ్మా, కంప్యూటరు తన ధ్వనిని తానే రికార్డు చేసుకొనుట అనగా ఏమిటి? ముద్దాయి తన వాంగ్మూలం తానే వ్రాసుకొని, సాక్షి సంతకం కూడా తానే పెట్టుకొనుట. శాఖాపరంగా ఇది ఆమోదయోగ్యం కాదు."

"పక్కన ఎవరైనా విన్నా వినకపోయినా పాట పాటే కదా సార్."

"అది తత్వం. మనది శాఖ."

ఆయన శబ్ద నియమావళి తీసి పద్నాలుగో నియమం చదివారు. చదువుతుంటే ఆయన ముఖంలో భక్తి కనిపించింది. "రికార్డింగు అనగా, శబ్దము పుట్టు చోటికి మూరెడు దూరమున మైక్రోఫోను నిలిపి, ఇద్దరు గెజిటెడ్ అధికారుల సమక్షమున, ఏ విధమగు అంతరాయ ధ్వనియు లేకుండ, గ్రహించుట. అర్థమైందా? మైకు ఉండాలి. మూరెడు ఉండాలి. గెజిటెడు ఉండాలి. మీ పద్ధతిలో ఈ మూడింటిలో ఏదుంది?"

"పాట ఉంది సార్," అంది హైమావతి.

"అది నియమంలో లేదు," అన్నారు పరాంకుశం గారు సౌమ్యంగా.

ఆషాఢం వచ్చింది, వెళ్లింది. అసిరమ్మ ఊళ్లో ఊడ్పులు పాట లేకుండానే జరిగిపోయాయి. మడిగట్టు మీద ఎవరో సెల్‌ఫోనులో సినిమా పాటలు పెట్టారట. ఆ జోరుకు నాట్లు వంకరగా పడ్డాయని అసిరమ్మ చెప్పింది. ఆమె నెలకొకసారి బస్సెక్కి వచ్చేది. బెంచీ మీద కూర్చునేది. ఎవరినీ కోప్పడేది కాదు. కోప్పడడానికి గొంతు కావాలి.

"పైయేటి ఆసాడానికైనా ఇస్తారా పాపా?"

"ఇప్పిస్తాను మామ్మా," అనేది హైమావతి. ఆ మాట అన్న ప్రతిసారీ ఆమెకు సిగ్గేసేది.

ఈలోగా ఫైలు లావెక్కింది. మూరెడు అంటే ఎవరి మూర అన్న సందేహం మీద రెండు నెలలు నడిచింది. కూర్మారావు గారి మూర, పరాంకుశం గారి మూర కొలిచి సగటు తీశారు. రెండో గెజిటెడ్ అధికారి ఎవరన్న దాని మీద ఇంకో నెల. ఆవరణలో పరాంకుశం గారు కాక గెజిటెడు హోదా ఉన్నది పశువైద్యులు డాక్టరు పోలినాయుడు ఒక్కరికే. "వినడమే నా వృత్తి. కాకపోతే ఆవులను వింటాను," అని ఆయన ఒప్పుకున్నారు.

ఫిబ్రవరిలో పిడుగు పడింది. పదిహేనేళ్లు దాటిన కంప్యూటర్లన్నీ మార్చి ముప్పై ఒకటిన పాత ఇనుము కింద వేలం వేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి లారీ వస్తుంది. ఆ కంప్యూటరుతోపాటు అసిరమ్మ గొంతు కూడా లారీ ఎక్కుతుంది. హైమావతి పరిగెత్తుకు వెళ్లి చెబితే పరాంకుశం గారు క్యాలెండరు చూశారు. పురస్కారానికి ఎంట్రీలు పంపే గడువు కూడా ముప్పై ఒకటే.

"అయితే రికార్డింగు జరగవలసిందే!" అన్నారాయన లేచి నిలబడి. ఎందుకు జరగాలన్నది ఆయనకూ ఆమెకూ వేరువేరు. జరగాలన్నది మాత్రం ఒకటే.

రిహార్సల్సు మొదలయ్యాయి. పాస్‌వర్డు కవరు అసలు రోజునే, సాక్షుల ఎదుటే తెరవాలి కాబట్టి రిహార్సల్సుకి ఆఫీసు టేపు రికార్డరు వాడారు. ఒక ప్రొఫార్మా అచ్చు వేయించారు. అందులో అంతరాయ ధ్వనుల పట్టిక: కాకి, దూడ, దగ్గు, తుమ్ము, ఫ్యాను, ఆటో, గ్రైండరు, ఇలా పదకొండు గడులు. పన్నెండో గడి 'ఇతరములు'. ప్రతి గడికి ఎదురుగా సంఖ్య వేయాలి.

మొదటి రిహార్సలులో కాకి అరిచింది. వెంటనే అటెండరు అప్పన్నకు కాకి నిరోధక విధులు అప్పగిస్తూ ఆర్డరు వచ్చింది. రెండో రిహార్సలులో కాకి అరవలేదు. అప్పన్న "హుష్" అన్నది మాత్రం పదహారుసార్లు పడింది. మూడోసారి ఆసుపత్రిలో దూడ అంబా అంది. పరాంకుశం గారు డాక్టరు గారిని సంజాయిషీ అడిగారు.

"దూడకి మెమో ఇవ్వమంటారా సార్? ఇస్తే తినేస్తాది," అన్నారు పోలినాయుడు.

నాలుగోసారి అన్నీ కుదిరాయి. కాకి లేదు, దూడ నిద్రపోతోంది. అసిరమ్మ పాట హాయిగా సాగుతోంది. అంతలో రోడ్డవతలి ఇడ్లీ హోటల్లో గ్రైండరు తిరగడం మొదలైంది. పరాంకుశం గారికి ఒళ్లు మండిపోయింది. గోదాము దద్దరిల్లేటట్టు "నిశ్శబ్దం!" అని అరిచారు.

టేపు వెనక్కి తిప్పి విన్నారు. గ్రైండరు లీలగా వినిపించింది. కేక మాత్రం ఖణేల్‌మని వినిపించింది.

"ఎవడా అరిచింది?" అన్నారు పరాంకుశం గారు మండిపడుతూ.

కూర్మారావు గారు పన్నెండో గడిలో ఇలా నింపారు: "గుర్తు తెలియని అధికారి కేక, ఒకటి."

ఇక్కడినుంచి పరాంకుశం గారి చెవి మారిపోయింది. పాట వస్తుంటే ఆయన పాట వినడం మానేశారు. పాట వెనకాల ఏముందా అని వింటున్నారు. పాటే ఒక్కోసారి అడ్డొస్తోందని విసుక్కున్నారు కూడా. "ఈమె ఇంత గట్టిగా పాడకుండా ఉంటే అంతరాయాలు ఇంకా స్పష్టంగా తెలిసేవి," అన్నారొకసారి. హైమావతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మార్చి ముప్పైన ఆఖరి ఉత్తర్వు వెలువడింది. "ఆవరణలోని సమస్త ధ్వని ఉత్పాదక వస్తువులకు జాబితా ప్రకారము సీలు వేయవలెను. సీలు వేసిన వస్తువును తిరిగి తెరచుటకు కమిటీ తీర్మానము తప్పనిసరి. కమిటీ తదుపరి సమావేశము ఏప్రిల్ ఏడు." జాబితా కూర్మారావు గారు తయారుచేశారు. ముప్పై నాలుగు వస్తువులు. కాలింగ్ బెల్లు, టెలిఫోను, గోడ గడియారం, కిర్రుమనే కుర్చీలు ఏడు, అప్పన్న సైకిలు గంట, హైమావతి కాలి పట్టీలు, హెడ్‌ఫోనులు, టేపు రికార్డరు. దూడలకు లక్క సీలు కుదరదని డాక్టరు గారు అడ్డుపడితే మూతులకు చిక్కాలు కట్టమన్నారు. ఇడ్లీ హోటలుకు ఒకరోజు సెలవు ఇప్పించారు.

ముప్పై ఒకటో తేదీ ఉదయం పది గంటలకు అందరూ గోదాములో చేరారు. మాట్లాడకూడదు కాబట్టి పరాంకుశం గారు అట్టముక్కలు రాయించి తెచ్చుకున్నారు. ఒకదాని మీద 'ప్రారంభించుము'. ఇంకోదాని మీద 'మాటలాడరాదు'. అసిరమ్మను 'ధ్వని హక్కుదారు' అని రాసిన స్టూలు మీద, హైమావతి పక్కనే కూర్చోబెట్టారు. డాక్టరు గారు అలవాటు కొద్దీ స్టెతస్కోపు మెడలో వేసుకొచ్చారు.

సాక్షుల ఎదుట కూర్మారావు గారు బీరువాలోంచి కవరు తీసి, సీలు విప్పి, లోపలి కాగితం హైమావతికి అందించారు. దాని మీద ఇలా ఉంది: "పాత పాస్‌వర్డే కొనసాగించవలెను."

హైమావతి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత ఎందుకో కీబోర్డు తిరగేసింది. అడుగున చిన్న స్టిక్కరు మీద, ఏనాటి టెక్నీషియనో పుణ్యాత్ముడు, పాస్‌వర్డు రాసి అంటించాడు. తొమ్మిది నెలలుగా అది ఆమె వేళ్ల కిందే ఉంది.

ప్రోగ్రాము వేసింది. మైకు ఎంచింది. సగటు మూర కొలిచి మైకు నిలబెట్టబోతూ, స్పీకర్ల వైపు చూసి కొయ్యబారిపోయింది. స్పీకర్లు రెండూ బొత్తాం ఆపేసి, గుడ్డలో మూటగట్టి ఉన్నాయి. ముడి మీద ఎర్రటి లక్క, లక్క మీద ఆఫీసు ముద్ర. జాబితాలో ముప్పై ఒకటో నంబరు: కంప్యూటరు స్పీకర్లు, రెండు. అవీ ధ్వని ఉత్పాదక వస్తువులే మరి. అప్పన్న తప్పేం లేదు, జాబితా చూసి పని చేశాడు.

హైమావతి చెయ్యి ఎత్తింది. పరాంకుశం గారు 'మాటలాడరాదు' అట్ట ఎత్తారు. ఆమె కాగితం మీద రాసి అందించింది: "సార్, స్పీకర్లకు కూడా సీలు వేశారు. పాట వినబడదు." పరాంకుశం గారు చదివి, కింద రాశారు: "ఫైలు ద్వారా సమర్పించవలెను." కూర్మారావు గారు దాని కింద రాశారు: "చూచితిని."

గోడ మీద గడియారం లేదు, సీలులో ఉంది. మూడింటికి లారీ వస్తుంది. కమిటీ ఏడో తేదీన కూర్చుంటుంది. హైమావతి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన అసిరమ్మ ఏం జరిగిందో తెలియక ఆమె ముఖంలోకి చూస్తోంది.

అప్పుడు హైమావతికి తను మొట్టమొదట రాసిన నోటు గుర్తొచ్చింది. పాట గాలిలోకి రానక్కర్లేదు, స్పీకర్లతో పనే లేదు. ఆ మాట రాసింది తనే!

ఆమెకు లోపలినుంచి నవ్వు పొంగుకొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది, నవ్వు కూడా గడి తొమ్మిదిలో ఉంది. అదే ప్రోగ్రామును రెండోసారి తెరిచింది. శబ్దం ఎక్కడినుంచి తీసుకోను అని అది అడిగింది. మూడోది ఎంచింది. తెర మీది రెండు కిటికీల్లోనూ ఎర్ర బొత్తాలు నొక్కి, పాట మొదలెట్టింది. పరాంకుశం గారు 'ప్రారంభించుము' అట్ట గంభీరంగా పైకెత్తి, కళ్లు మూసుకున్నారు.

గోదాములో చీమ చిటుక్కుమనలేదు. మైకు కిటికీలో గీత తిన్నగా పడుకుంది. రెండో కిటికీలో శబ్దాన్ని కొలిచే ఆకుపచ్చ పట్టీలు ఎగిరి గంతేశాయి.

హైమావతి అసిరమ్మ చెయ్యి పట్టుకుని తెర చూపించింది. అసిరమ్మ మొదట అర్థం కానట్టు చూసింది. పట్టీ ఒకటి పొడుగ్గా లేచింది, ఆగింది. వెంటనే పొట్టివి పది గుంపుగా లేచాయి. మళ్లీ పొడుగుది, మళ్లీ గుంపు. అసిరమ్మ పెదవులు కదిలాయి. వంగితే వరిసేను. గుంపు లేచింది. నాదే ఓలమ్మా, నాదే. ఆమె పోల్చుకుంది. వినబడని పాటను చూసి పోల్చుకుంది. స్టూలు మీద కూర్చునే ముందుకు వంగి, ఎడమ చేత్తో లేని నారుకట్ట పట్టుకుని, కుడిచేత్తో గోదాము గచ్చు మీద నాట్లు వేయడం మొదలెట్టింది. ఆ పాటలో ఎక్కడ నడుమెత్తాలో అక్కడ ఎత్తింది. హైమావతికి జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఆ సంతోషాన్ని నలభై నిమిషాలపాటు చప్పుడు కాకుండా పడాల్సి వచ్చింది.

ఇరవై మూడో నిమిషంలో ఒక్క ప్రమాదం జరిగింది. ఇడ్లీ హోటలు మూయించడంతో కూర్మారావు గారికి ఆ పూట టిఫిను లేదు. ఆయన కడుపు పొడుగ్గా, రాగం తీసినట్టు గుర్రుమంది. పరాంకుశం గారు కన్నెర్ర చేశారు. కూర్మారావు గారు పక్కనున్న డాక్టరు గారిని అనుమానంగా చూశారు.

నలభై నిమిషాలూ అయ్యాయి. ప్రొఫార్మా తీశారు. కాకి: లేదు. దూడ: లేదు. దగ్గు: లేదు. పదకొండు గడులూ లేదు, లేదు, లేదు. పన్నెండో గడిలో "ఉదర ధ్వని, ఒకటి" అని రాసి, అది పశువుది కాదని డాక్టరు గారి చేత ధ్రువీకరింపజేశారు. ఈ సంతకాల హడావుడిలో హైమావతి ఆఫీసు పెన్‌డ్రైవులోకి మైకు రికార్డింగు ఎక్కించింది. తన పర్సులోని పెన్‌డ్రైవులోకి రెండోది ఎక్కించింది.

పోలినాయుడు మాత్రం కలం పట్టుకుని తటపటాయించారు.

"పరాంకుశం గారూ, నాకు అసలు పాటే వినపడలేదండీ."

"డాక్టరు గారూ," అన్నారు పరాంకుశం గారు కాగితం ముందుకు జరిపి, "ఆ సంగతి ఈ ప్రొఫార్మాలో ఎక్కడ వ్రాయాలో చూపించండి."

పోలినాయుడు పై నుంచి కింది దాకా వెతికారు. పన్నెండు గడులూ అంతరాయాలకే పోయాయి. పాటకు గడి లేదు. ఆయన సంతకం పెట్టి దూడల చిక్కాలు విప్పడానికి వెళ్లిపోయారు. కంప్యూటరుకు సీలు వేశారు. మూడింటికి లారీ వచ్చి దాన్ని పట్టుకుపోయింది.

సాయంత్రం గేటు దగ్గర, కాకి విధులు ముగించుకుని గేటు విధుల్లోకి వచ్చిన అప్పన్న రిజిస్టరు తెరిచాడు. హైమావతి పర్సు, అసిరమ్మ సంచీ చూశాడు.

"ఈ పెన్‌డ్రైవులో ఏటున్నాదమ్మా?"

"పాటలు."

"గేట్ పాసు?"

హైమావతి ఫైలులోంచి తీయించి పెట్టుకున్న నకలు చూపించింది. ఆకుపచ్చ సిరా, కూర్మారావు గారి సంతకం. "బయటికి రాని శబ్దమునకు గేట్ పాస్ అవసరము కలుగదు."

"ఈ పాట బయటికి రాలేదు అప్పన్నా. ఇద్దరు గెజిటెడ్ అధికారులు సాక్ష్యం," అంది.

అప్పన్న ఆలోచించాడు. పొద్దున అతనూ అక్కడే ఉన్నాడు, అతనికీ ఏమీ వినపడలేదు. "నిజమేనమ్మా," అని గేటు తీశాడు.

మే నెలలో ఫలితాలు వచ్చాయి. నిర్మల ధ్వని పురస్కారం, ప్రథమ బహుమతి మన కేంద్రానికే. ఇంత శుభ్రమైన రికార్డింగు తమ అనుభవంలోనే లేదని న్యాయనిర్ణేతలు రాశారు. ముఖ్యంగా ఇరవై మూడో నిమిషంలో వచ్చే ఏకైక వాద్యం, మట్టి లోతుల్లోంచి పుట్టినట్టున్న ఆ నాదం తమను కంటతడి పెట్టించిందన్నారు. వాద్యం పేరు తెలియజేయవలసిందిగా కోరారు. దానికి సమాధానం ఇప్పటికీ ఫైలులోనే ఉంది. పరాంకుశం గారి మేకుకు పురస్కారం వేలాడింది. కూర్మారావు గారికి శాలువా కప్పారు.

ఆషాఢంలో పరాంకుశం గారు సన్మానం ఒకటి చేయించుకుని జీపులో తిరిగొస్తున్నారు. వెనక సీట్లో పురస్కారాన్ని ఒళ్లో పెట్టుకుని హైమావతి కూర్చుంది. మళ్ల పక్కన జీపు ఆగిపోయింది, ఇంజను వేడెక్కింది. ఆయన దిగి గట్టు మీద నిలబడ్డారు.

మడిలో ఇరవై మంది ఆడవాళ్లు బారుగా వంగి ఉన్నారు. గట్టు మీద ఖాళీ బిందె, బిందెలో సెల్‌ఫోను. బిందె గొంతుతో పాట మోగుతోంది. "మజ్జినున్న నడుమెవుల్దే?" అని అసిరమ్మ ఇరవై ఏళ్ల కిందటి పొగరుతో అడుగుతుంటే, "నాదే ఓలమ్మా, నాదే!" అని ఇరవై మంది ఈనాటి గొంతులతో జవాబిస్తున్నారు. నాట్లు సూటిగా పడుతున్నాయి. బిందె పక్కన అసిరమ్మ కూర్చుని, తప్పు పాడిన పిల్ల మీదికి మట్టిబెడ్డ విసురుతోంది. హైమావతిని చూసి కళ్లతోనే పలకరించింది.

పరాంకుశం గారు చెవి అటు పెట్టి చాలాసేపు విన్నారు. కాకి అరిచింది. దూరంగా ట్రాక్టరు పోయింది. ఎవరో తుమ్మారు, అందరూ నవ్వారు. ఆయన వేళ్లు మడిచి లెక్క పెట్టుకోవడం హైమావతి చూసింది.

"ఏటి బావూ, బాగున్నాదా పాట?" అని అసిరమ్మ గుసగుసగా అడిగింది.

"పాట ఫరవాలేదమ్మా," అన్నారు పరాంకుశం గారు దయగా. "శబ్దమే కొంచెం ఎక్కువగా ఉంది."

అసిరమ్మ తల ఊపింది. బిందెలో చెయ్యి పెట్టి, ఫోను తీసి, శబ్దం ఇంకో రెండు గీతలు పెంచింది.